నోటీసు బోర్డు మీద పెళ్ళి

వ్యక్తి స్వేచ్ఛ గురించి మాట్లాడేటప్పుడు మనం సాధారణంగా నిషేధాల గురించే మాట్లాడుకుంటాం. ఫలానా పుస్తకాన్ని నిషేధించారనీ, ఫలానా సినిమాకి కత్తెర వేశారనీ. నిషేధం కంటికి కనబడుతుంది కనుక దానితో పోట్లాడటం సులువు. నాకు భయం కలిగించేది మాత్రం అనుమతి. "నీ ఇష్టం నాయనా, నేనేమీ అడ్డు చెప్పను, కాకపోతే ఒక్కసారి మీవాళ్ళకి తెలియనియ్యి" అనే తరహా అనుమతి. సంప్రదాయం లోతుగా వేళ్ళూనుకున్న సంఘంలో ప్రభుత్వం ఎవరినీ దేన్నుంచీ వారించనక్కర లేదు. వాళ్ళు చేయబోయే పని ఏమిటో నలుగురి చెవినా వేస్తే చాలు. తక్కిన సంగతి ఆ నలుగురే చూసుకుంటారు.

దీనికి 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టాన్ని మించిన ఉదాహరణ నాకు తోచడం లేదు.

వేర్వేరు మతాలవాళ్ళు ఎవరి మతంలో వాళ్ళుంటూనే పెళ్ళి చేసుకోవడానికి వీలు కల్పించే చట్టం ఇది. పురోహితుడు గానీ, ఖాజీ గానీ, పాస్టరు గానీ అక్కర లేదు. అబ్బాయికి 21, అమ్మాయికి 18 ఏళ్ళు నిండాలి. ఇద్దరిలో ఎవరికీ బతికున్న భార్య గానీ భర్త గానీ ఉండకూడదు. సమ్మతి తెలపగల మానసిక స్థితిలో ఉండాలి. నిషిద్ధమైన బంధుత్వం కాకూడదు. ముఖ్యమైన షరతులు ఇవి నాలుగే. వివాహాధికారి ఎదుట, ముగ్గురు సాక్షుల సమక్షంలో, తమకు అర్థమయ్యే ఏ భాషలోనైనా ఒకరినొకరు స్వీకరిస్తున్నామని చెప్పుకుంటే పెళ్ళయిపోతుంది. కులం ప్రసక్తి లేదు. తల్లిదండ్రుల సంతకం ప్రసక్తి లేదు. ఇంతవరకూ చదివితే ఒళ్ళు పులకరించే చట్టం.

ఐతే దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని సామెత. ఈ చట్టంలో పూజారి పాత్ర 5, 6, 7 సెక్షన్లది.

ఇద్దరిలో ఒకరైనా ఆ జిల్లాలో కనీసం 30 రోజులు నివసించి ఉండాలి. ఆ తరవాత నోటీసు ఇవ్వాలి. అందులో పేర్లు, వయసు, వృత్తి, ప్రస్తుతపు చిరునామా, అది శాశ్వతమైనది కాకపోతే శాశ్వత చిరునామా రాయాలి. వివాహాధికారి ఆ నోటీసును ఒక పుస్తకంలోకి ఎక్కిస్తాడు. ఆ పుస్తకాన్ని ఎవరైనా వచ్చి, పైసా రుసుము కట్టకుండా, చూసుకోవచ్చు. నోటీసు నకలు ఒకటి కార్యాలయంలో అందరికీ కనబడే చోట అంటించాలి. శాశ్వత నివాసం వేరే జిల్లా ఐతే అక్కడి అధికారికీ ఒక నకలు వెళుతుంది. ఆయనా దాన్ని తన గోడకి అంటిస్తాడు. అప్పట్నించి 30 రోజుల్లోగా ఎవరైనా సరే అభ్యంతరం చెప్పవచ్చు. అభ్యంతరం వస్తే విచారణకి మరో 30 రోజులు. అది నిజమేనని అధికారి తేలిస్తే జిల్లా కోర్టుకి వెళ్ళాలి.

'ఎవరైనా' అన్నది మళ్ళీ ఒకసారి చదవండి. తండ్రి అని లేదు, మొదటి భార్య అని లేదు. దారిన పోయే దానయ్య కూడా వచ్చి అభ్యంతరం రాసిపోవచ్చు. దురుద్దేశంతో రాశాడని తేలితే? అధికారి అతని చేత కట్టించగల ఖర్చులు వెయ్యి రూపాయలు మించకూడదు. 1954లో వెయ్యి రూపాయలంటే చిన్న మొత్తం కాదు. ఈనాడు అది పెళ్ళిభోజనంలో రెండు విస్తళ్ళ ఖరీదు.

*

ఈ నోటీసు ఎక్కడి నుంచి వచ్చిందో వెతుక్కుంటూ వెళితే ఇంగ్లండు చర్చిల దగ్గర తేలుతాం. అక్కడ పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో ప్రకటన చదివేవారు. 1753లో చేసిన చట్టం ఆ కట్టుబాటుని బిగించింది. ఆస్తిపరుల పిల్లలు చాటుగా పెళ్ళిళ్ళు చేసుకోకుండా చూడటమే దాని ఆంతర్యమని చరిత్రకారులు చెబుతారు. స్కాట్లండుకి ఆ చట్టం వర్తించదు. దాంతో ప్రేమికులు బండి కట్టుకుని సరిహద్దు దాటగానే వచ్చే గ్రెట్నా గ్రీన్ అనే పల్లెకి పరుగెత్తేవారు. అక్కడ ఇద్దరు సాక్షుల ముందు మాట చెప్పుకుంటే చాలు, పెళ్ళే. కమ్మరి కొలిమి దగ్గర కూడా పెళ్ళిళ్ళు జరిగేవట.

మన దేశంలో మొదటి సివిల్ వివాహ చట్టం 1872లో వచ్చింది. కేశవచంద్ర సేన్ అనుయాయులైన బ్రాహ్మసమాజికులు తమ పెళ్ళిళ్ళకి చట్టబద్ధత కోరడంతో మొదలైన వ్యవహారం అది. ఆ చట్టం కింద పెళ్ళి చేసుకోవాలంటే నేను హిందువుని కాను, ముసల్మానుని కాను, క్రైస్తవుణ్ణి కాను అంటూ ఏ మతానికీ చెందనని ప్రకటించాలి. 1923లో చేసిన సవరణతో హిందువులు, బౌద్ధులు, సిక్కులు, జైనులు తమలో తాము చేసుకునే పెళ్ళిళ్ళకి ఆ ప్రకటన తప్పింది. 1954లో స్వతంత్ర భారత పార్లమెంటు ఎవరూ ఏ మతాన్నీ వదులుకోనక్కర లేదంది. ఎంత గొప్ప మాట! కానీ ఆ చేత్తోనే ఇంకో పని చేసింది. 1872 చట్టంలో నోటీసు గడువు 14 రోజులు. మనవాళ్ళు దాన్ని 30 చేశారు. తెల్లదొర పద్నాలుగు రోజులతో సరిపెట్టుకుంటే మన దొరలకి నెల కావలసి వచ్చింది.

ఆ మరుసటి ఏడు వచ్చిన హిందూ వివాహ చట్టంలో ముందస్తు నోటీసు ఊసే లేదు. పెళ్ళయ్యాక వెళ్ళి నమోదు చేయించుకోవడమే. అక్కడా వధూవరులకి ఇంచుమించు ఈ షరతులే ఉన్నాయి. వయసు చూడాలి, రెండో పెళ్ళి కాకుండా చూడాలి, బంధుత్వం చూడాలి. అక్కడ ప్రభుత్వం మన మాట నమ్ముతుంది. తమిళనాడులో 1967లో ఆ చట్టానికి చేసిన సవరణ ఇంకొక అడుగు ముందుకేసి, ఇద్దరు హిందువులు బంధుమిత్రుల ముందు దండలు మార్చుకున్నా పెళ్ళేనంది. అంటే కులం లోపలా, మతం లోపలా జరిగే పెళ్ళికి నమ్మకం. మతం గడప దాటే పెళ్ళికి అనుమానం. నిజానికి వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమని సామెత పుట్టించుకున్న జాతి మనది. ఆ వెయ్యి అబద్ధాలూ పెద్దలు కుదిర్చిన పెళ్ళిళ్ళ కోసం ఆడినవే కదా!

*

నాకు బాగా తెలిసిన ఒక జంట గురించి చెబుతాను. ఎవరిది ఏ మతమో చెప్పను. చెప్పగానే చదివేవాళ్ళలో కొందరు అటూ కొందరు ఇటూ సర్దుకు కూర్చుంటారు. వాళ్ళిద్దరూ నాతో కలిసి పనిచేసేవారు. ఇద్దరికీ పాతికేళ్ళు దాటాయి. ఇద్దరికీ జీతాలున్నాయి. మతం మార్చుకోవడం ఇద్దరికీ ఇష్టం లేదు. అదేదో విప్లవం కోసం కాదు. ఇద్దరూ భక్తిపరులే, ఎవరి దేవుడి మీద వాళ్ళకి గురి. అటువంటివాళ్ళ కోసమే కదా ఆ చట్టం రాశారు! నన్ను సాక్షిగా రమ్మన్నారు, వెళ్ళాను.

సబ్ రిజిస్ట్రారు కార్యాలయాలు మీరు చూసే ఉంటారు. స్థలాల క్రయవిక్రయాల కోసం వచ్చిన జనం, చెట్టు కింద దస్తావేజు లేఖరుల బల్లలు, వరండాలో జాలీ తలుపున్న నోటీసు బోర్డు. మా కాగితాలు సిద్ధం చేసిన లేఖరి పెద్దమనిషి. అమ్మాయి ఇచ్చిన సొంతవూరి చిరునామా చూసి పెన్ను ఆపాడు.

"ఇది రాస్తే అక్కడి ఆఫీసుకి కూడా కాపీ వెళుతుందమ్మా. మీవాళ్ళకి తెలుసా?"

"తెలీదండీ."

"ఈ బోర్డు చూసిపోవడానికే వచ్చేవాళ్ళున్నారమ్మా. స్థలాల పని మీద కాదు, ఇలాంటి కాగితాల కోసమే. ఆలోచించుకోండి."

ఆ పిల్ల ఆలోచించి, ఉన్నదున్నట్టే రాయమంది. అబద్ధం రాసి పెళ్ళి మొదలుపెట్టనంది.

పన్నెండో రోజున ఆమె పినతండ్రి మరో ముగ్గురితో కలిసి ఆఫీసు గేటు దగ్గరికి వచ్చాడు. కేకలు లేవు, కొట్లాట లేదు. తల్లికి ఒంట్లో బాగాలేదని చెప్పి తీసుకువెళ్ళారు. ఆ రాత్రి నుంచి ఆమె ఫోను మోగలేదు. అభ్యంతరం రాసిన కాగితమేదీ సబ్ రిజిస్ట్రారు కార్యాలయానికి రాలేదు, గమనించండి. దానితో వాళ్ళకి పనేముంది? చట్టం అభ్యంతరం చెప్పడానికి నెల గడువిచ్చింది. వాళ్ళకి కావలసింది కబురు. అది ప్రభుత్వం వారే సొంత ఖర్చుతో చేరవేశారు. రికార్డుల ప్రకారం ఆ నోటీసుకి అభ్యంతరమే లేదు. మూడు నెలల్లో పెళ్ళి జరగలేదు కనుక దానంతటదే చెల్లకుండా పోయింది.

నాలుగు నెలల తరవాత ఆమె ఎలాగో బయటపడి వచ్చింది. మళ్ళీ ఆ బోర్డు దగ్గరికి వెళ్ళే ధైర్యం ఎవరికీ లేదు. ఒకరు పేరు మార్చుకున్నారు, రెండోవారి మతాచారం ప్రకారం పెళ్ళయిపోయింది. ముప్పై రోజుల్లో కాని పని ముప్పావుగంటలో ముగిసింది. సాక్షి సంతకం నేనే చేశాను. పేరు మార్చుకున్న మనిషి బయటికొచ్చాక నాతో అన్న మాట ఇది: "ఆ పేరు మా ఇంట్లో పెద్దవాళ్ళు ముచ్చటపడి పెట్టిందండీ. వాళ్ళ మీద కోపం వచ్చినప్పుడు కూడా ఆ పేరు మీద రాలేదు."

మతం వదులుకోనక్కర లేదని చెప్పడానికి పుట్టిన చట్టం కళ్ళెదుటే ఒక మనిషి చేత మతం వదిలించింది. 1872లో కనీసం ఆ మాట కాగితం మీద బాహాటంగా రాసి ఉండేది.

*

ఈ సంగతి మా పెదనాన్నగారితో చెప్పాను. ఆయన రెవెన్యూ శాఖలో ముప్పై అయిదేళ్ళు పనిచేసి రిటైరయ్యారు. ప్రభుత్వమంటే గౌరవం, కాగితమంటే భక్తి.

"పెళ్ళంటే ఇద్దరి వ్యవహారం కాదురా. వాడికి ఇంకో ఊళ్ళో పెళ్ళాం ఉంటే? ఆ నోటీసు చూసి ఆవిడ వచ్చి చెప్పుకునే వీలుండాలా వద్దా?" అన్నారు.

తోసిపుచ్చదగిన మాట కాదిది. మోసపోయిన ఆడపిల్లలు మన చుట్టూ ఉన్నారు. ఐతే ఇంకో ఊళ్ళో ఉన్న ఆ మొదటి భార్య సబ్ రిజిస్ట్రారు కార్యాలయపు వరండాకి వచ్చి బోర్డు చదువుతుందా? దాన్ని చదివేదెవరో ఆ లేఖరి ముందే చెప్పాడు.

"మరి మీ చేతుల మీదుగా ఇన్ని పెళ్ళిళ్ళు జరిపించారు కదా పెదనాన్నా, ఒక్కదానికైనా నెల ముందు ఏ ఆఫీసు గోడకైనా కాగితం అంటించామా?" అని అడిగాను.

"మనకి శుభలేఖలు ఉన్నాయి కదరా!" అన్నారు వెంటనే.

ఆ జవాబు నన్ను చాలా రోజులు ఆలోచింపజేసింది. ఆయన తెలియకుండానే అసలు తేడా పట్టి ఇచ్చారు. శుభలేఖ మనం ఎవరు రావాలనుకుంటామో వాళ్ళకి మనం పంచుకునేది. నోటీసు ఎవరి కంట పడకూడదనుకుంటామో వాళ్ళకి ప్రభుత్వం పంచిపెట్టేది. రెంటిలోనూ ఉండేది అవే పేర్లు, అవే ఊళ్ళు. ఎవరికి చెప్పాలో నిర్ణయించే హక్కు ఎవరి చేతిలో ఉందన్నదే తేడా. స్వేచ్ఛ అనే పెద్ద మాటకి నాకు తెలిసిన చిన్న అర్థం ఇదే.

కబురు చేరితే ఏమవుతుందో తెలియని అమాయకులం కాము. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో ఒక ఆస్పత్రి ముందు పట్టపగలు, గర్భవతి అయిన భార్య కళ్ళెదుట ఒక యువకుణ్ణి నరికి చంపారు. కులాంతర వివాహం అతని నేరం. 2022 మేలో హైదరాబాదు సరూర్‌నగర్ రోడ్డు మీద మరొకణ్ణి చంపారు. అతనిది మతాంతర వివాహం. ఆ హత్యలకు నోటీసు బోర్డు కారణమని నేననడం లేదు. కానీ అవి జరిగే నేల మీద నిలబడి, ఒక అమ్మాయి పేరూ చిరునామా గోడకి అంటించడం మామూలు పరిపాలన అని ఎలా అనుకోగలం? అవతల అదే ప్రభుత్వం దళితులను కులాంతర వివాహం చేసుకున్నవారికి రెండున్నర లక్షల ప్రోత్సాహకం ఇచ్చే పథకాన్ని 2013లో పెట్టింది. కులం పోవాలంటే కులాంతర వివాహమే అసలైన మందు అని అంబేద్కర్ 1936లోనే రాశారు. ఆ మందుకి బహుమానం ఇచ్చేదీ ప్రభుత్వమే, మందు తాగబోయేవాళ్ళ పేర్లు చాటింపు వేసేదీ ప్రభుత్వమే.

*

న్యాయస్థానాలు ఊరుకోలేదు. మేజరైన వ్యక్తి ఇష్టపడినవారిని పెళ్ళాడవచ్చనీ, అటువంటి జంటలకి పోలీసులు రక్షణ ఇవ్వాలనీ 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. 2009లో ఢిల్లీ హైకోర్టు నోటీసులను ఇళ్ళకి పంపే పద్ధతిని తప్పుపట్టింది. 2017లో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనంది. ఇద్దరు మేజర్లు పెళ్ళి నిశ్చయించుకున్నాక కుటుంబం సమ్మతి గానీ, సంఘం సమ్మతి గానీ అక్కర లేదని 2018 మార్చిలో సుప్రీంకోర్టు మళ్ళీ చెప్పింది. కేరళలో ఈ నోటీసులను ఇంటర్నెట్లో పెడితే, వాటిని ఏరి సామాజిక మాధ్యమాల్లో చాటింపు వేసేవాళ్ళు బయలుదేరారు. 2020లో ఆ ప్రభుత్వం ఇంటర్నెట్లో పెట్టడం మానుకుంది. 2021 జనవరి 12న అలహాబాదు హైకోర్టు, జంట తామై లిఖితపూర్వకంగా కోరితే తప్ప నోటీసు ప్రచురించనక్కర లేదంది.

బాగుంది. కానీ అదే ఉత్తరప్రదేశ్‌లో అంతకు నెలన్నర ముందే మతమార్పిడుల మీద ఒక ఆర్డినెన్సు వచ్చింది. 2021లో అది చట్టమయింది. మతం మార్చుకోదలచినవాళ్ళు 60 రోజుల ముందు జిల్లా మేజిస్ట్రేటుకి తెలియజేయాలి. నేను చెప్పిన జంట దూరిన దొడ్డిదోవ అది. ముందు తలుపుకి ఉన్న గొళ్ళెం ఒకరు తీస్తుంటే, పెరటి తలుపుకి ఇంకొకరు గొళ్ళెం బిగిస్తున్నారు. ఉత్తరాఖండ్‌లో 2025 జనవరి 27న అమల్లోకి వచ్చిన ఉమ్మడి పౌరస్మృతి ఐతే పెళ్ళి దాకా కూడా ఆగలేదు. కలిసి జీవించేవాళ్ళు నమోదు చేయించుకోవాలంది, ఇద్దరిలో ఎవరికైనా 21 ఏళ్ళు నిండకపోతే తల్లిదండ్రులకి తెలియజేయాలంది. ఓటుకి 18 చాలు. కబురు మాత్రం ఇంటికే.

ప్రత్యేక వివాహ చట్టంలోని నోటీసు సెక్షన్ల మీద వేసిన వ్యాజ్యం ఒకటి 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. పిటిషను వేసినావిడ స్వయంగా బాధితురాలు కాదన్న కారణంతో కొట్టేశారు. బాధితురాలు ఎక్కడ దొరుకుతుంది? బోర్డు వల్ల నష్టపోయిన అమ్మాయి ఫోను లేకుండా ఏ పల్లెటూరి ఇంట్లోనో ఉంటుంది. నష్టపోకుండా తప్పించుకున్న అమ్మాయికి పెళ్ళయిపోయింది, ఇక కోర్టుతో పనేముంది?

నేను కోరేది పెద్ద సంస్కరణ కాదు. వయసు ధ్రువపత్రం అధికారి పరిశీలించవచ్చు. మొదటి పెళ్ళి లేదని ప్రమాణపత్రం రాయించుకుని, అది అబద్ధమని తేలితే జైలుకి పంపవచ్చు. మోసంతో జరిగిన పెళ్ళిని రద్దు చేసే సెక్షన్లు ఎలాగూ ఉన్నాయి. పెదనాన్నగారి భయానికి మందు ఇందులో ఉంది. గోడ మీద కాగితంలో లేదు.

ఇక సంప్రదాయం మాట. మన సంఘం ఇటువంటి పెళ్ళిళ్ళని ఒప్పదు కనుక ప్రభుత్వం జాగ్రత్తగా ఉండాలని అనేవాళ్ళున్నారు. మన సంఘం ఒప్పుకున్న పెళ్ళి ఒకటి గుర్తు చేస్తాను. పెళ్ళి కుదరని ఆడపిల్ల చేత తెలుగిళ్ళలో రుక్మిణీ కల్యాణం పారాయణ చేయిస్తారు. పోతన భాగవతంలో ఆ ఘట్టం ఎన్ని ఇళ్ళలో కంఠతా వచ్చునో! అన్న రుక్మి ఒక వరుణ్ణి నిర్ణయించాడు. పెళ్ళికూతురు మరొకరిని వరించింది. ఆవిడ చేసిన పనల్లా నమ్మకమైన ఒక బ్రాహ్మణుడి చేత రహస్యంగా కబురు పంపడం. ఆ అగ్నిద్యోతనుడు తిన్నగా ద్వారకకి వెళ్ళాడు. దారిలో ఆగి విదర్భ కోటగోడకి ఒక నకలు, చేది రాజ్యంలో శిశుపాలుడి వాకిట్లో ఒక నకలు అంటించి, నెలరోజులు అభ్యంతరాల కోసం ఎదురుచూసి ఉంటే ఆ కల్యాణం జరిగేదా? అలా చెయ్యలేదని ఆయన్ని తప్పుపట్టిన తెలుగువాణ్ణి నేనింతవరకు చూడలేదు. మన పెద్దలు ఆ కథని దేవుడి గదిలో పెట్టుకుని, ఆడపిల్లకి మంచి జరుగుతుందని చదివిస్తున్నారు. ప్రభుత్వం అంతకంటే పెద్ద మనసు చూపనక్కర లేదు. అంత చూపితే చాలు.